ఆ కంప్యూటర్లో వస్తోంది, ఇందులో రావట్లేదు

ఒకే ఆఫీసు. పక్కపక్కనే రెండు కంప్యూటర్లు, రెండింట్లోనూ ఒకే ఎక్సెల్. బ్యాంకు లెక్కల సీఎస్‌వీ ఫైలు మొదటిదాంట్లో తెరిస్తే తేదీలన్నీ సరిగ్గా ఉంటాయి. రెండోదాంట్లో 03-04-2024 కాస్తా మార్చి 4 అయి కూర్చుంటుంది. 15-04-2024 అసలు తేదీగానే మారదు. పదిహేనో నెల లేదు గనక ఎక్సెల్ దాన్ని ఉత్త అక్షరాలుగా లెక్కగట్టి గడిలో ఎడమ పక్కకు జరిపేస్తుంది. అది నయం, కంటికి కనబడుతుంది. పన్నెండో తేదీ లోపువి మాత్రం చడీచప్పుడు లేకుండా తారుమారవుతాయి.

ఫైలులో దోషం లేదు, ఎక్సెల్‌లోనూ లేదు. రోజు ముందా నెల ముందా అన్నది విండోస్ ‘రీజియన్’ సెట్టింగు చెబుతుంది, ఎక్సెల్ దాన్నే నమ్ముతుంది. ఏ చిక్కొచ్చినా రీఇన్‌స్టాల్ చేసెయ్యడం మనకు బాగా అలవాటైపోయింది. ఇక్కడ ఎక్సెల్‌ని ఎన్నిసార్లు తీసి పెట్టినా తేదీలు కుదుటపడవు. పైగా ఈ సెట్టింగు యంత్రం మొత్తానికి ఒకటి కాదు. విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలో ప్రతి యూజర్‌కూ విడిగా ఉంటుంది. అందుకే ముందు అదే కంప్యూటర్లో ఇంకో లాగిన్‌తో చూడాలి. అక్కడ సరిగ్గా వస్తే వెతకాల్సిన చోటు ఒక్కసారిగా చిన్నదైపోతుంది.

అలా తేలకపోతే రెండు యంత్రాల సెట్టింగులనూ టెక్స్ట్ ఫైళ్లుగా దించుకుని పోల్చాలి. 1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ యూనిక్స్ కోసం ‘డిఫ్’ అనే ప్రోగ్రాం రాశాడు. రెండు ఫైళ్లలోనూ ఒకే క్రమంలో వచ్చే పంక్తులను వీలైనన్ని ఎక్కువగా ఏరుతుంది; మిగిలిపోయినవే తేడాలు. విండోస్‌లో ‘ఎఫ్‌సీ’ కమాండ్ ఈ పని చేస్తుంది.

తేడాలు దొరకడం కష్టం కాదు, మరీ ఎక్కువ దొరకడమే కష్టం. రిజిస్ట్రీలో ఎంట్రీలు లక్షల్లో ఉంటాయి. కంప్యూటర్ పేరు, నిన్న తెరిచిన ఫైళ్ల జాబితా, కిటికీల కొలతలు... ఒకే రోజు కొన్న యంత్రాల్లో కూడా ఇవి కలవవు. 2004లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో హెలెన్ వాంగ్ బృందం ‘పీర్‌ప్రెషర్’ పేరుతో దీనికో ఉపాయం చూపింది. మొరాయిస్తున్న ప్రోగ్రాం ఏ ఎంట్రీలను తాకుతోందో ముందు గమనించి, వాటిని 87 కంప్యూటర్ల రిజిస్ట్రీలతో పోల్చారు. అన్నిచోట్లా ఒకేలా ఉన్న విలువ ఇక్కడ మాత్రమే వేరైతే అనుమానం ఎక్కువ, ఎక్కడికక్కడ మారిపోయేదైతే తక్కువ. 20 నిజమైన కేసుల్లో 12 సార్లు అసలు కారణం జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది.

చక్కటి ఉపాయమే, కానీ మెజారిటీ మీద అంత నమ్మకం నాకు లేదు. ఆఫీసులో పదింటికి తొమ్మిది కంప్యూటర్లు అమెరికా తేదీ పద్ధతిలో ఉండిపోతే, సరిగ్గా ఉన్న పదోదే దోషిగా తేలుతుంది.

చివరికి ఓ వెయ్యి తేడాలు మిగిలాయనుకోండి. బ్యాకప్ తీసుకుని, సగం సెట్టింగులను మంచి యంత్రంలో ఉన్నట్టు మార్చి చూడాలి. చిక్కు పోతే కారణం ఆ సగంలోనే ఉంది, పోకపోతే రెండో సగంలో. ఇలా పది విడతల్లో ఒక్కటే మిగులుతుంది. కారణం ఒక్కటే అయితేనే సుమా! రెండు సెట్టింగులను కలిపి సరిచేస్తేనే పోయే చిక్కు ఈ లెక్కకు లొంగదు. దానికి జర్మన్ పరిశోధకుడు ఆండ్రియాస్ జెల్లర్ 1999లో ‘డెల్టా డీబగ్గింగ్’ పద్ధతి చెప్పాడు. అందులో మార్చిన ఒక సగాన్ని అలాగే ఉంచి రెండో సగంలో వెతుకుతారు, ఆ తర్వాత దీన్ని ఉంచి దాంట్లో వెతుకుతారు.