కాథెటర్ సంబంధిత రక్త సంక్రమణ

ఆసుపత్రిలో రోగి రక్తనాళంలో అమర్చిన కాథెటర్ అనే సన్నని గొట్టం ద్వారా సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశించుటను కాథెటర్ సంబంధిత రక్త సంక్రమణ అంటారు. చలిజ్వరం, రక్తపోటు పడిపోవడం దీని ముఖ్య లక్షణాలు. సకాలంలో గుర్తించకపోతే ప్రాణాపాయం కలుగుతుంది.

సంక్రమణ మార్గాలు

చర్మంపై సహజంగా నివసించే స్టెఫిలోకాకస్ జాతి బాక్టీరియా గొట్టం బయటి గోడ వెంబడి లోనికి చేరుతుంది. మందు ఎక్కించే మూతిని శుభ్రపరచని చేతులతో తాకినప్పుడు గొట్టం లోపలి నుండి ప్రవేశిస్తుంది. గోడకు జిగురు పొరగా అంటుకున్న తరువాత మందులు దానిని సులభంగా చేరలేవు. అందువలన చాలా సందర్భాలలో గొట్టాన్నే తీసివేయవలసి వస్తుంది. భారతదేశపు ఐ.సి.యు.లలో క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ వంటివి కూడా తరచుగా కనిపిస్తాయి.

ముప్పును పెంచే అంశాలు

గొట్టం ఉన్న రోజులు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. అత్యవసరంగా, పూర్తి శుభ్రత పాటించకుండా అమర్చినవి మరింత ప్రమాదకరం. స్థూలకాయులలో తొడ మూలంలో అమర్చడం మంచిది కాదు. నెలలు నిండని శిశువులు, కాలిన గాయాలవారు, తెల్ల రక్తకణాలు తగ్గినవారు, సిర ద్వారా పోషకాహారం పొందేవారు తేలికగా దీని బారిన పడతారు. నర్సుల కొరత కూడా ఒక కారణమే.

డయాలసిస్ రోగులు

విజయవాడలో గవర్నర్‌పేట, సూర్యారావుపేట ఆసుపత్రులకు పేరుపొందిన ప్రాంతాలు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలోని తండాలలో మూత్రపిండాల వ్యాధి ఎక్కువగా ఉన్నందున అక్కడి రోగులు డయాలసిస్‌కు విజయవాడ రావడం పరిపాటి. చేతిలో ధమనిని, సిరను కలిపే ఫిస్టులా అన్నిటికంటే సురక్షితమైనది, కాని అది ఉపయోగానికి సిద్ధమగుటకు వారాల నుండి నెలల వరకు పడుతుంది. వ్యాధి ముదిరాక వచ్చిన రోగికి అంత వ్యవధి ఉండదు, మెడలో కాథెటర్ తప్పదు. స్నానంలో తడిసినా, వేసవి చెమటకు ఊడినా పట్టీని వెంటనే మార్పించుకోవాలి.

నివారణ

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో నూరుకు పైగా ఐ.సి.యు.లలో పీటర్ ప్రొనోవోస్ట్ బృందం ఐదు నియమాలను అమలుపరచింది. అవి చేతులు కడుగుకొనుట, రోగిని పూర్తిగా శుభ్రమైన గుడ్డలతో కప్పుట, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ పూయుట, వీలైనంతవరకు తొడ మూలాన్ని వదలుట, అవసరం తీరిన గొట్టాన్ని తీసివేయుట. 2006లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం 18 నెలలలో సంక్రమణలు 66 శాతం వరకు తగ్గాయి. వీటిలో కొత్త మందు గాని, ఖరీదైన యంత్రం గాని లేకపోవడం గమనార్హం. గొట్టాన్ని కొన్ని రోజులకొకసారి ఊరకే మార్చినంత మాత్రాన సంక్రమణ తగ్గదని పరిశోధనలలో తేలింది.