ఆరు నెలలు నిండిన బిడ్డకు మనం తినిపించాలా, తననే తిననివ్వాలా?

ఈ మధ్య వేమగల్‌లో తెలిసినవాళ్ల ఇంట్లో అన్నప్రాశనకు వెళ్లాం. పూజ అయ్యింది, బంగారు ఉంగరంతో పాయసం నాలుకకు తగిలించారు. ఆనవాయితీ ప్రకారం పాప ముందు పుస్తకం, పెన్ను, నగ, అన్నం గిన్నె పెట్టారు. పాప తల్లి ఒళ్లోంచి ముందుకు వాలి, అన్నం గిన్నెలో చెయ్యి పెట్టేసింది. అందరం నవ్వాం.

భోజనాల దగ్గర మాత్రం మాట మాట పెరిగింది. తల్లి నరసాపుర వైపు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, సెలవు అయిపోవచ్చింది. "రేపటి నుంచి గెనుసుగడ్డ, క్యారెట్ ఉడికించి ముక్కలు ముందు పెట్టండి అత్తా, పాపే తీసుకుని తింటుంది" అంది. అవ్వ ఒప్పుకోలేదు. "పళ్లు రాని బిడ్డకు ముక్కలేంది తల్లీ? గొంతుకు అడ్డం పడితే ఎవరికి చెప్పుకునేది? మేము ఇంతమందిని పెంచలేదా?" అంది. చివరికి ఇద్దరూ మా వైపు తిరిగారు. సంఘం కార్యదర్శి అంటే రేషన్ కార్డు నుంచి రాగి సరి దాకా అన్నీ తెలిసుండాలని మనవాళ్ల నమ్మకం.

మేము డాక్టర్లం కాము. కానీ ఇది ఆ ఒక్క ఇంటి గొడవ కాదు. పగలు బిడ్డ అవ్వ దగ్గర, రాత్రి అమ్మ దగ్గర ఉండే ఇళ్లు వేమగల్, నరసాపుర చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. ఇద్దరూ ఒకే మాట మీద లేకపోతే నష్టపోయేది బిడ్డే. అందుకే తెలుసుకున్నంత వరకు ఇక్కడ వివరిస్తున్నాం.

ఏమిటీ పద్ధతి?

దీన్ని బేబీ లెడ్ వీనింగ్ అంటున్నారు. మెత్తగా నూరి చెంచాతో నోట్లో పెట్టకుండా, బిడ్డ పట్టుకోగలిగేటంత మెత్తటి ముక్కలు ముందు ఉంచడం, ఏది తినాలో ఎంత తినాలో బిడ్డకే వదిలేయడం. బ్రిటన్‌కు చెందిన గిల్ రాప్లీ అనే హెల్త్ విజిటర్ దీనికి ప్రచారం తెచ్చారు. ఆమె పుస్తకం 2008లో వచ్చింది. పేరు కొత్తదే గానీ, నలుగురూ కూర్చుని చేత్తో తినే మన పంక్తికి ఇది మరీ పరాయిది కాదు. పెద్దవాళ్ల కంచంలోకి చెయ్యి చాపని బిడ్డ ఎక్కడైనా ఉందా?

వీనింగ్ అన్నారని పాలు మాన్పించడం అనుకోకూడదు. ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత తిండితో పాటు రెండేళ్లు, ఇష్టమైతే ఆ పైన కూడా తల్లిపాలు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మొదటి వారాల్లో కడుపు నింపేది పాలే. అందుకే బిడ్డ బాగా ఆకలి మీద ఏడుస్తున్నప్పుడు ముక్కలు పెట్టకూడదు. పాలిచ్చిన కొంతసేపటికి, హుషారుగా ఉన్నప్పుడు పెట్టాలి.

ఆరో నెల వేరు, ఆరు నెలలు నిండడం వేరు

మన ఇళ్లలో మగపిల్లవాడికి సరి నెలలో, ఆడపిల్లకు బేసి నెలలో అన్నప్రాశన చేస్తారు. ఆరో నెల నడుస్తున్నదంటే నిండినవి ఐదు నెలలే. కాబట్టి మగపిల్లవాడికి ఆరో నెలలో ముహూర్తం కుదిరితే శాస్త్రం వరకు జరిపించండి, అసలు తిండి మాత్రం 180 రోజులు నిండాకే మొదలుపెట్టండి. ఆడపిల్లకు ఐదో నెల కాకుండా ఏడో నెల ఎంచుకుంటే ఆచారమూ నిలుస్తుంది, బిడ్డకూ మంచిది. నాలుకకు తేనె మాత్రం రాయకండి. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది.

రోజులు నిండడంతో పాటు మూడు గుర్తులు కనబడాలి. కొద్దిపాటి ఆసరాతో నిటారుగా కూర్చుని మెడ నిలపాలి. కంటికి కనబడిన వస్తువును చేత్తో అందుకుని నోటికి చేర్చాలి. నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టడం తగ్గాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో, బరువు సరిగా పెరగని పిల్లల విషయంలో డాక్టరును అడిగిన తర్వాతే మొదలుపెట్టాలి.

అవ్వ భయంలో నిజమెంత?

ఈ ప్రశ్న మీద న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 206 కుటుంబాలతో ఒక అధ్యయనం చేశారు. కొందరు మామూలుగా చెంచాతో తినిపించారు. మిగతావాళ్లకు ముక్కలు ఎలా పెట్టాలో, ఏవి పెట్టకూడదో నేర్పించారు. గొంతుకు అడ్డం పడడంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కానీ పెట్టకూడని ప్రమాదకరమైన పదార్థాలు రెండు గుంపుల్లోనూ చాలామంది పిల్లలకు అందాయి. అంటే చెంచా ఉన్నంత మాత్రాన భద్రత లేదు, ముక్క అయినంత మాత్రాన ప్రమాదం లేదు. ఏం పెడుతున్నాం, ఎలా కూర్చోబెడుతున్నాం, దగ్గర ఎవరున్నారు అన్నదే ముఖ్యం. నేర్పించినవాళ్లలో వచ్చిన ఫలితం ఇదని కూడా గుర్తుంచుకోవాలి.

పొలమారడానికీ, అడ్డం పడడానికీ తేడా తెలియాలి. కొత్తగా తినే బిడ్డ ఓకరిస్తుంది, దగ్గుతుంది, ముఖం ఎర్రబడుతుంది, చప్పుడు చేస్తుంది. అది ముక్కను ముందుకు నెట్టుకునే ప్రయత్నం. నోట్లో వేలు పెట్టకండి, పక్కనే ఉండి గమనించండి. నిజంగా అడ్డం పడితే చప్పుడు ఉండదు. ఏడుపు రాదు, దగ్గు రాదు, పెదవులు నీలంగా మారతాయి. అప్పుడు ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేట్టు పట్టుకుని, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు తట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో ఐదుసార్లు నొక్కాలి. బయటికి వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఇంకొకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే 108వాళ్లు ఫోన్‌లో చెప్పినట్టు చేయాలి. కంటికి కనబడని ముక్క కోసం వేలితో వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది. బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరూ దీన్ని ఆరోగ్య కేంద్రంలో ఒకసారి చేయించి చూసి నేర్చుకోవడం మేలు.

ఇక్కడ ఒక మాట పెద్దవాళ్లకు. కాళ్లు చాపుకుని, బిడ్డను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో పోయడం మన పాత పద్ధతి. నిజానికి ముక్క కంటే అదే భయపడాల్సిన విషయం. పడుకున్న బిడ్డకు జారుడు తిండి శ్వాసనాళంలోకి పోవచ్చు. చెంచాతో పెట్టినా, ముక్క ఇచ్చినా బిడ్డ నిటారుగా కూర్చోవాలి. ఫోన్ చూపిస్తూ నోరు తెరిచినప్పుడల్లా కుక్కడమూ అంతే, కడుపు నిండిన సంగతి బిడ్డకే తెలియదు.

మన వంటింట్లో ఏమున్నాయి?

ముక్క పెద్దవాళ్ల వేలంత పొడవు, వేలంత లావు ఉండాలి. ఆరు నెలల బిడ్డ పిడికిలితో పట్టుకుని, పైకి మిగిలిన భాగాన్ని చీకుతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే నలిగిపోయేంత మెత్తగా ఉడకాలి. గెనుసుగడ్డ, గుమ్మడికాయ, క్యారెట్, బీట్‌రూట్, బీన్స్ బాగుంటాయి. బీట్‌రూట్ తిన్న మరుసటి రోజు విరేచనం ఎర్రగా ఉంటే కంగారుపడకండి. ఇడ్లీని, మెత్తటి దోసెను పొడుగ్గా చీల్చి ఇవ్వొచ్చు. అరటిపండు జారిపోతుంది కాబట్టి తొక్క కడిగి, కింది సగం తొక్క అలాగే ఉంచి చేతికివ్వండి. మామిడి కాలంలో శ్రీనివాసపురం పండును చీలికలుగా కోసి ఇవ్వొచ్చు.

రాగి లేని కోలారు ఇల్లు ఉండదు. వంద గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కానీ సంగటిని మనం నమలం, మింగుతాం. ఆ జిగురు ముద్ద పసిబిడ్డకు తగదు. మొలకెత్తించిన రాగులతో చేసిన సరిని చిక్కగా కాచి, చెంచాకు ఎత్తి ఆ చెంచానే బిడ్డ చేతికివ్వండి. లేదంటే రాగి దోసె చీలికలు పెట్టండి.

పెట్టకూడనివి: గుండు వేరుశెనక్కాయలు, శనగలు, పేలాలు, పచ్చి క్యారెట్, పచ్చి ఆపిల్, కొబ్బరి ముక్కలు, గట్టి మురుకులు, గుండు ద్రాక్ష. ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. అనపకాయల కాలంలో పితికిపప్పును బాగా ఉడికించి నలిపి పెట్టండి, గింజలుగా వద్దు. వేరుశెనక్కాయలను మెత్తగా నూరి, పలచగా కలిపి, మొదట కొంచెమే ఇచ్చి చూడాలి. తీవ్రమైన ఎగ్జిమా, గుడ్డు అలర్జీ ఉన్న బిడ్డకైతే ముందు డాక్టరును అడగండి. ఏడాది లోపు ఉప్పు, చక్కెర, బెల్లం అక్కరలేదు. ఇంటి కూరలో ఉప్పు, కారం వేయకముందే బిడ్డ వాటా తీసిపెట్టండి.

అసలు చిక్కు ఇనుముతో

గెనుసుగడ్డ, అరటిపండు చేతికివ్వడం సులువు. కానీ వాటితో కడుపు నిండుతుంది గానీ రక్తం పట్టదు. తల్లిపాలలో ఇనుము తక్కువ. కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న ఇనుము దాదాపు ఆరు నెలలకు తరిగిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. కర్ణాటకలో కూడా మూడింట రెండు వంతుల దగ్గరే.

అందుకే పెట్టిన ప్రతిసారీ ఇనుమున్న పదార్థం ఒకటి ఉండాలి. మాంసం తినేవాళ్లు బాగా ఉడికిన కోడి లెగ్‌పీసు మాంసం, గుడ్డు అట్టు చీలికలు, ముల్లు తీసిన చేప పెట్టవచ్చు. శాకాహారులు చిక్కటి పప్పు, అలసందల ముద్ద, ఆకుకూర కలిపిన అట్టు పెట్టి, మీద కొంచెం నిమ్మరసం పిండండి. పులుపులో ఉన్న విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ ఇచ్చే ప్రభుత్వ పథకం ఉంది. ఆశా కార్యకర్తను అడగండి. సొంతంగా కొని పోయకండి.

పాడి ఉన్న ఇళ్లవాళ్లకు ఇంకో మాట. తల్లి పనికి పోతే తపేలా నిండా ఆవుపాలు ఉన్నాయిలే అనుకుంటాం. ఏడాది లోపు తాగే పాలుగా ఆవుపాలు వద్దు. అందులో ఇనుము మరీ తక్కువ, పైగా వేరే తిండిలోని ఇనుమును కూడా సరిగా పట్టనివ్వదు. పెరుగన్నం కొంచెం పెట్టడంలో తప్పు లేదు.

బిడ్డ వంటకు ఏ నీళ్లు?

మన జిల్లా బోరు నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. అనుమతించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. సరి కాచేందుకు, పప్పు ఉడికించేందుకు ఊళ్లోని శుద్ధ నీటి ఘటకం నుంచి తెచ్చిన నీళ్లు వాడి, వాటిని మరిగించండి. బిడ్డ చేతులు, మన చేతులు సబ్బుతో కడుక్కోవడం ముక్క ఉడికినంత ముఖ్యం.

సెలవు అయిపోయిన తర్వాత

2017 సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలకు పెరిగింది. అంటే 182 రోజులు. కాన్పుకు ముందే కొన్ని వారాలు వాడుకుంటే బిడ్డకు నాలుగైదు నెలలు నిండేసరికే పనికి పోవాలి. అయినా ఆరు నెలల లోపు పై తిండి మొదలుపెట్టనక్కరలేదు. పిండి ఉంచిన తల్లిపాలు నీడపట్టున నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మరీ ఎండాకాలంలో ఫ్రిజ్‌లోనే పెట్టండి. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చని అదే సవరణలో ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

ఆరు నుంచి ఎనిమిది నెలల దాకా రోజుకు రెండు మూడుసార్లు, తొమ్మిది నెలల నుంచి మూడు నాలుగుసార్లు పెట్టాలి. నెలనెలా అంగన్‌వాడీలో బరువు తూయించండి. బరువు నిలిచిపోతే ముక్కలా చెంచానా అన్న పంతం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆ ఇంట్లో చివరికి ఒక ఒప్పందం కుదిరింది. పగలు అవ్వ పాపను కూర్చోబెట్టి సరి, పప్పన్నం చెంచాతో పెడుతుంది. నోరు మూసుకుంటే ఇంక బలవంతం చేయదు. రాత్రి అమ్మ షిఫ్టు ముగించి వచ్చాక ముక్కలు పంక్తిలో పెడతారు, అప్పుడు అవ్వ కూడా పక్కనే కూర్చుని చూస్తుంది. రెండూ కలిపి చేయకూడదని ఎక్కడా లేదు. ఏం వండాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దలు నిర్ణయిస్తారు. తినాలో వద్దో, ఎంత తినాలో బిడ్డ నిర్ణయిస్తుంది. మొన్న ఫోన్ చేస్తే అవ్వే చెప్పింది: "క్యారెట్ తినేది కొంచెం, ఒంటికి పూసుకునేది ఎక్కువ. చాప ఉతకలేక చస్తున్నా." ఆ గొంతులో భయం మాత్రం లేదు.