పెద్ద హార్డ్ డిస్కు మీ ల్యాప్‌టాప్‌లో ఇమడునా?

శ్రీకాకుళము జిల్లాలోని నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో ప్రారంభమైన చిన్న రైలుమార్గములో పట్టాల నడుమ దూరము 762 మిల్లీమీటర్లు. నౌపడ మీదుగా పోవు పెద్ద మార్గములో అది 1,676 మిల్లీమీటర్లు. రెండును ఒకే స్టేషనులో కలిసినను ఒక దారి పెట్టె రెండవ దారిపై నడువదు. సరుకును దింపి మరల ఎక్కించవలసినదే. 2011 నాటికి చిన్న మార్గము బ్రాడ్‌గేజిగా మారువరకు ఈ చిక్కు తప్పలేదు.

ల్యాప్‌టాప్‌లోని హార్డ్ డిస్కును తీసి పెద్దదానిని బిగించునప్పుడు ఎదురగు చిక్కు ఇటువంటిదే. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ విద్యార్థికైనను, గజపతినగరములోని ఉపాధ్యాయునికైనను పాఠముల వీడియోలతో, మార్కుల పట్టికలతో డిస్కు నిండిపోవుట మామూలే. దుకాణములో "ఎన్ని టెరాబైట్లు?" అనునది మొదట అడుగవలసిన ప్రశ్న అని చాలమంది అనుకొందురు. నిజమునకు అది చివర అడుగవలసినది.

మొదట డిస్కును కలుపు చోటు చూడవలెను. చాల పాత యంత్రములలో సన్నని సూదుల వరుసలు గల ఐడీఈ అమరిక ఉండెను. తరువాత సాటా వచ్చినది. ఇప్పటి యంత్రములలో ఎక్కువగా ఎం.2 అను సన్నని పలక ఉండును. సాధారణముగా దాని వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లు. ఈ పలకలలోను రెండు జాతులున్నవి: సాటా పద్ధతిని పలుకునవి, ఎన్‌వీఎంఈ పద్ధతిని పలుకునవి. పలక గాడిలో చక్కగా కూర్చున్నను, ఆ గాడికి దాని పద్ధతి తెలియనిచో యంత్రము దానిని గుర్తింపదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో నిల్వ భాగమును బోర్డుకే టంకము వేసి అతికింతురు. అట్టివానిలో మార్చుట మాట మరచిపోవచ్చును.

ఇక మందము. 2.5 అంగుళముల డిస్కులకు పొడవు వెడల్పులు ఒకటే కాని, మందము 7, 9.5, 15 మిల్లీమీటర్లుగా మారుచుండును. ఈ జాతిలో 4 టెరాబైట్ల తిరుగుడు డిస్కులు 15 మిల్లీమీటర్ల మందముండును. 7 మిల్లీమీటర్ల అరలో అది ఎట్లు పట్టును? జామెట్రీ పెట్టెలోని స్కేలు చాలును, ముందే కొలువుడు.

అన్నిటికంటె ఆసక్తికరమైనది లెక్కల చిక్కు. డిస్కును యంత్రము చిన్న గదులుగా విభజించి ఒక్కొక్క గదికి ఒక సంఖ్య ఇచ్చును. గదికి 512 బైట్లు అనుకొందము. పూర్వపు యంత్రములు ఆ సంఖ్యకు 28 బిట్లు మాత్రమే కేటాయించినవి. రెండును 28 మార్లు గుణించి, దానిని 512చే హెచ్చించిన 13,743 కోట్ల చిల్లర బైట్లు, అనగా సుమారు 137 గిగాబైట్లు వచ్చును. అంతకు మించిన గదులకు తలుపు సంఖ్యే లేదు! తరువాత ఆ సంఖ్యకు 48 బిట్లు ఇచ్చిరి. అయినను ఎంబీఆర్ అను పాత విభాగపట్టికలో గది సంఖ్యకు 32 బిట్లే. కనుక అది సుమారు 2.2 టెరాబైట్లకు మించి చూపజాలదు. జీపీటీ అను కొత్త పట్టికలో 64 బిట్లున్నవి. కాని జీపీటీ డిస్కు నుండి విండోస్ ప్రారంభము కావలెనన్న యూఈఎఫ్ఐ గల యంత్రము కావలెను. బడిలో రెండు ఘాతములు చెప్పు దినమున ఈ లెక్కను విద్యార్థులచే చేయించిన బాగుండును.

కొత్త ఒక టెరాబైటు డిస్కును విండోస్ 931గా చూపినప్పుడు దుకాణదారుని తప్పుపట్టనక్కరలేదు. తయారీదారు లక్ష కోట్ల బైట్లను ఒక టెరాబైటుగా లెక్కించును. విండోస్ 1024తో మూడుమార్లు భాగించి చూపును.

కొనుటకు ముందు అడుగుభాగపు చీటీపై నున్న మోడలు సంఖ్యను వ్రాసుకొని, తయారీదారు ఇచ్చు మరమ్మతు పుస్తకములో ఆ మోడలునకు ఏ డిస్కు, ఎంత మందము అనునది చూడుడు. పాత డిస్కులోని సమాచారమును వేరొక చోట నకలు తీసి, నకలు తెరచుకొనుచున్నదో లేదో పరీక్షింపుడు. బిట్‌లాకర్ తాళము వేసియున్నచో దాని రికవరీ కీ కాగితముపై ఉంచుకొనుడు. విప్పునప్పుడు కరెంటు తీగను తీసి, బ్యాటరీని విడదీయవలెను. కొత్తది పనిచేసినను పాతదానిని కొన్ని వారములు చెరపకుండ దాచుట మేలు.