కూలి ముట్టినదని రుజువు ఎవరు చూపవలెను?



గ్రామములో కూలితగవు వచ్చినపుడు రచ్చకట్టపై మొదట పుట్టు ప్రశ్న యొకటి కలదు. “నీకు డబ్బు రావలసియున్నదనుటకు ఆధారమేమి?” అని పనివానినే అడుగుదుము. అడుగువారికి అది న్యాయముగనే తోచును. కాని చదువురానివాడు ఆధారమెక్కడినుండి తెచ్చును? లెక్కపుస్తకము పని చేయించినవాని యింటనే యుండును గదా. ఈ ప్రశ్నను చట్టము ఇప్పుడు రెండవవానివైపు త్రిప్పినది. ఆ మార్పు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలోని పనివారికి ఎట్లు ఉపయోగపడునో నేడు విచారింతము.

కూలితగవు మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. నిజాము పాలనలో దేశముఖుల గడీలకును, గ్రామమునకు వచ్చిన అధికారులకును వృత్తులవారు కూలి లేకయే వెట్టి చేయవలసివచ్చెడిది. భగేలా యనునది మరియొక ఆచారము. కొద్దిపాటి అప్పునకు తండ్రి జీతముండెడివాడు. అది తీరలేదని కొడుకును ఉండవలసివచ్చెడిది. అప్పుపత్రము దొరచేతిలోనిది. ఎంత తీరినది, ఎంత మిగిలినది అని వ్రాయువాడును అతడే. భగేలా ఒప్పందములను అదుపుచేయుటకు నిజాము ప్రభుత్వమే చట్టము చేసినను వాడుక మానలేదు. తుదకు జనము తిరుగబడిరి. 1946వ సంవత్సరము జూలై 4వ తేదీన, ఆనాటి జనగామ తాలూకాలోని కడవెండిలో, విసునూరు దేశముఖు మనుష్యులు తుపాకి కాల్చగా దొడ్డి కొమరయ్య ప్రాణము విడిచెను.

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. 1976 నాటి చట్టము వెట్టికట్టు అప్పులను రద్దుచేసినది. ఆ చట్టములోనే గమనింపదగిన మాట యొకటి యున్నది. ఇది వెట్టి అప్పు అని పనివాడు చెప్పినచో, కాదని రుజువుచేయవలసిన భారము అప్పిచ్చినవానిదే. ఢిల్లీలో ఆసియా క్రీడలకై కట్టడములు కట్టిన కూలీల విషయమున సుప్రీంకోర్టు 1982లో తీర్పు చెప్పుచు, కనీస వేతనమునకు తక్కువగా పని చేయించుటయు నిర్బంధశ్రమయే యనెను. కొరడాయే కాదు, ఆకలియు మనుష్యుని నిర్బంధించునని దాని భావము.

ఇక క్రొత్త మార్పునకు వత్తము. 29 పాత కార్మిక చట్టముల స్థానమున చేసిన నాలుగు స్మృతులు 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. వానిలో 2019 నాటి వేతనస్మృతి మనకు ముఖ్యము. నెలజీతము మరుసటి నెల ఏడవ తేదీలోగా ఈయవలెను. దినకూలి ఆనాటి పని ముగియగనే ఈయవలెను. పనినుండి తొలగించినను, తానే మానుకొన్నను, రావలసినది రెండు పనిదినములలో చెల్లింపవలెను. ఒకే విధమైన పనికి స్త్రీ యని తక్కువ ఈయరాదు. బాకీకై మూడు సంవత్సరములలోగా అర్జీ పెట్టుకొనవచ్చును. అన్నిటికంటె విలువైనది, కూలి ముట్టలేదనియో తక్కువ ముట్టినదనియో అర్జీ వచ్చినపుడు, ముట్టినదని చూపవలసిన భారము యజమానిదే యని 59వ సెక్షను చెప్పుచున్నది.

ఒక దృష్టాంతము చెప్పుదును. మహబూబాబాదు ప్రాంతపు యువకుడొకడు భూపాలపల్లి బొగ్గుగనుల దగ్గర ఒక గుత్తేదారు క్రింద చేరినాడనుకొనుడు. మూడునెలల జీతము నిలిపి గుత్తేదారు కనబడకుండ పోయెను. అట్టిచోట, ఎవరికొరకు ఆ పని జరిగినదో ఆ అసలు యజమాని జీతమునకు బాధ్యుడగును. గనుల విషయము కేంద్రప్రభుత్వమునకు చెందినది కావున అర్జీ కేంద్ర కార్మికాధికారులకు పెట్టుకొనవలెను. అయితే తాను అక్కడ పని చేసినట్లు యువకుడు ముందు చూపవలసియుండును. అందుకే పదిమందియో అంతకు మించియో పనిచేయు సంస్థలలో ప్రతివానికిని నియామకపత్రము ఈయవలెనని మరియొక స్మృతి విధించినది. ఒకప్పుడు కాగితము దొరవద్ద నుండెను. ఇప్పుడది పనివాని పెట్టెలోను ఉండవలెను.

మీలో జీతగాండ్రను పెట్టుకొను రైతులును ఉందురు. సేద్యమునకో యింటిపనికో ఐదుగురికి మించకుండ పెట్టుకొనువారికి రిజిస్టర్లు, జీతపుచీటీలు అక్కరలేదని వేతనస్మృతి మినహాయింపు నిచ్చినది. కాని అధికారి అడిగినపుడు కూలి యిచ్చినట్లు తగిన ఆధారము వారును చూపవలెను. కనుక ఇచ్చిన తేదీయు మొత్తమును ఒక పుస్తకములో వ్రాసి, పనివానికి చదివి వినిపించి, సంతకమో వ్రేలిముద్రయో తీసికొనుట ఇరువురకును క్షేమము.

ఈ స్మృతులలో పనివారికి అన్నియు మేలేయని చెప్పజాలము. పనివారిని తగ్గించుటకు ప్రభుత్వ అనుమతి పొందవలసిన కర్మాగారముల హద్దును నూరుమందినుండి మూడువందలకు పెంచిరి. సమ్మెకు పదునాలుగు దినముల ముందు నోటీసు ఈయవలెనని అన్ని పరిశ్రమలకును విధించిరి. కార్మికసంఘములు పెక్కు వీనిని ఎదిరించినవి. ఆ వాదము నడచుచుండగనే, కలిగిన హక్కును వాడుకొనక వదలుట తెలివి కాదు.

కావున ఊరు విడిచి పనికి పోవు పిల్లలకు మీరు మూడు మాటలు చెప్పుడు. నియామకపత్రము అడిగి తీసికొనుము. పనిచేసిన దినములను నీ పుస్తకములో నీవే వ్రాసికొనుము. ఏడవ తేదీ దాటినచో ఊరకుండకుము. ఇక రచ్చకట్టపై కూలితగవు వచ్చిననాడు, పని చేసినాడా లేదా యని విచారించిన పిమ్మట, “కూలి ఇచ్చినట్లు నీయొద్ద ఆధారమేమి?” అని మొదట పని చేయించినవానిని అడుగుడు.