సర్వే వాళ్ళు ఇంటికొస్తే...

బనగానపల్లె చుట్టుపక్కల నాపరాతి గనులున్నాయి. మామిడి తోటలున్నాయి. మెట్ట చేలున్నాయి. ఆడవాళ్ళు కూలికి పోతారు. ఇంటికొచ్చి మళ్ళీ ఇంటి పని చేస్తారు. అందరూ తిన్నాక మిగిలింది తింటారు.

చాలామందికి నాలుగడుగులు వేస్తే ఆయాసం. కూర్చుని లేస్తే కండ్లు తిరుగుతాయి. "ఆడపుట్టుక పుట్టినాక ఇవన్నీ మామూలే" అంటారు.

మామూలేనా? కాదు. ఇది రక్తహీనత కావచ్చు. ఎంతమందికి ఉందో ఎలా తెలిసింది? ఇండ్లకు పోయి అడిగితే, రక్తం పరీక్షిస్తే తెలిసింది. దాన్నే సర్వే అంటారు.

నాలుగు మెతుకులు

అన్నం ఉడికిందో లేదో ఎలా చూస్తాం? కుండంతా పిసకం. నాలుగు మెతుకులు పట్టి చూస్తాం. సర్వే కూడా అంతే. కొన్ని ఊర్లు, కొన్ని ఇండ్లు ఎంచుకుంటారు. పెద్ద ఇండ్లనే అడిగితే చాలదు. ఊరి చివర గుడిసెనూ అడగాలి. అప్పుడే నిజం తెలుస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో మొదలైంది. 2019-21లో అయిదోసారి చేశారు. వేలికొన నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించారు. 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళను చూస్తే, దేశంలో 100 మంది ఆడవాళ్ళలో 57 మందికి రక్తహీనత ఉంది. మగవాళ్ళలో 100కు 25 మందికే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 100 మంది ఆడవాళ్ళలో దాదాపు 59 మందికి ఉంది.

ఒక్క ఇంట్లో ఉంటే 'నా కర్మ' అనుకోవచ్చు. ఇన్ని ఇండ్లలో ఉంటే కర్మ ఎట్లవుతుంది? తిండిలో ఇనుము చాలకపోవడం, వెంటవెంటనే కాన్పులు, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, కడుపులో కొంకి పురుగులు. ఇవీ కారణాలు. వీటికి మందుంది. గర్భిణి 180 రోజులు రోజుకో ఐరన్ మాత్ర వేసుకోవాలి. సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది. భయం లేదు. మాత్రతో పాటు టీ తాగొద్దు.

మన హక్కులు

సర్వే ఎవరిదో, ఎందుకో అడగండి. ఇష్టం లేకపోతే వద్దనొచ్చు. వద్దన్నందుకు రేషను, పింఛను పోవు. మీ పేరు బయటపెట్టకూడదు. కొన్ని మాటలు అత్త ముందర, మొగుడి ముందర చెప్పలేం. "ఒంటరిగా మాట్లాడతా" అనండి. కాగితం ఇస్తే చదవండి. చదివాకే సంతకం పెట్టండి. డబ్బులు, ఫోనుకొచ్చే నంబరు అడిగితే చెప్పొద్దు. నిజమైన సర్వేలో అవి అడగరు.

చెబుతానంటే నిజమే చెప్పండి. ఆయాసం ఉంటే ఉందనండి. "బాగానే ఉన్నాం" అంటే, కాగితం మీద బాగానే ఉంటాం. ఒంట్లో మాత్రం బాధ అట్లే ఉంటుంది.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో చివర తినేది ఎవరు? ఎందుకు?
2. మీరు రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు? ఎన్ని గ్రాములుంది? (గర్భం లేని ఆడవాళ్ళకు 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాములు ఉండాలి.)