పేరు మార్పు – పాత పేరు

బిడ్డకు పేరు పెట్టుట ఒకనాటి వేడుక. ఊరికి గాని, సంస్థకు గాని, వ్యాపారానికి గాని ఉన్న పేరు మార్చుట ఒకనాటితో ముగిసే పని కాదు. అప్పటికే ఆ పేరు ఎందరి నాలుకల మీదనో నిలిచి, ఎన్నో దస్తావేజులలోకి ఎక్కి ఉంటుంది. పేర్లు ఎందుకు మారుతాయి, ఎట్లా మారుతాయి, మారిన పిదప పాత పేరు గతి ఏమిటి అన్న మూడు విషయాలను ఇక్కడ పరిశీలిద్దాము.

పేరు మార్పునకు కారణాలు అనేకం. మొదటిది గౌరవ సూచన. 1890లో పాలమూరు, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేర మహబూబ్‌నగర్ అయినది. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లా 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేర ప్రకాశం జిల్లా అయినది. రెండవది, పరపాలకుల ఉచ్చారణను విడనాడి స్థానిక రూపాన్ని నిలుపుకొనుట. 1995లో బొంబాయి ముంబైగా, 1996లో మద్రాసు చెన్నైగా, 2001లో కలకత్తా కోల్‌కతాగా మారినవి. మూడవది, సంస్థ స్వరూపమే మారుట. 1941లో స్థాపితమైన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైనది.

ప్రభుత్వం పెట్టిన పేర్లే కాక, జనం పెట్టుకున్న పేర్లు కూడా కలవు. హైదరాబాదులో ఆబిద్ అనే వర్తకుని దుకాణం ఏనాడో మూతపడినది. ఆ ప్రాంతం మాత్రం నేటికీ ఆబిడ్స్. నిజాం కొలువులో పనిచేసి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమాన్ పేరు జనుల నోట నలిగి మూసారాంబాగ్‌లో నిలిచినదని చెప్పుదురు. ఈ పేర్లకు ఉత్తర్వుల అవసరం కలుగలేదు.

ఇక పద్ధతి. రాష్ట్రం పేరు మార్చే అధికారం రాజ్యాంగం మూడవ అధికరణం ప్రకారం పార్లమెంటుది. ముందుగా ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోరవలెను. మద్రాసు రాష్ట్రం 1969లో తమిళనాడు, మైసూరు 1973లో కర్ణాటక అయిన తీరు ఇదే. వ్యాపార కంపెనీ అయితే వాటాదారులు ప్రత్యేక తీర్మానం చేసి, ప్రభుత్వ ఆమోదం పొందవలెను. ఇక్కడ చట్టం చెప్పే రెండు మాటలు గమనింపదగినవి. పేరు మారినంత మాత్రాన కంపెనీ అప్పులు, హక్కులు, కోర్టు వ్యాజ్యాలు మారవు. పైగా, రెండు సంవత్సరాల వరకు కొత్త పేరుతో పాటు పాత పేరును కూడా బోర్డుపై చూపవలెను.

ఈ నియమంలోని వివేకం ఊళ్ళకు, విద్యాసంస్థలకు కూడా అవసరం. 1982లో వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు ధరించినది. మహనీయుని స్మరణ సముచితమే. అయితే తొలి సంవత్సరాలలో పట్టా పుచ్చుకొన్నవారి చేతిలో ఉన్నది పాత పేరే. మా బంధువు ఒకరు, పేరు మారిన మరొక కళాశాలలో చదివినవారు, ఒక కార్యాలయంలో తమ పట్టా చూపగా, "ఈ పేరుగల కళాశాల ఎక్కడా లేదే!" అన్నారట. రెండు పేర్లూ ఒకే కళాశాలవని తెలిపే ధ్రువపత్రం కోసం ఆయన మూడు వారాలు తిరిగారు. పేరు మార్చినవారికి ఆ శ్రమ తెలియదు.

కావున పేరు మార్చకూడదని మా వాదం కాదు. కొత్త పేరు పెట్టునపుడు పాత పేరును రికార్డులలోను, పట్టాలపైన, బోర్డులపైన కొంతకాలం నిలుపుట ధర్మమని మనవి. మన కళాశాల కమిటీ పెద్దలు కూడా భవనాలకు, బహుమతులకు పేర్లు మార్చవలసి వచ్చినపుడు ఈ విషయం గమనింతురుగాక!

మిత్రులారా! ఇంట్లో పాలమూరు అని, దరఖాస్తులో మహబూబ్‌నగర్ అని వ్రాసే కుటుంబాలు మనలో కలవు. ఆ రెండు పేర్లు ఒకే నోట ఎన్నడూ తగవులాడలేదు. ఈ సెలవులలో ఇంటి పెద్దలను మీ ఊరి పాత పేరేమిటో అడిగి వ్రాసి ఉంచుకొనండి. చెప్పగలవారు ఉన్నపుడే అడుగుట మంచిది.