నీటి అడుగున నేల

మొక్కలతో కూడిన చేపల తొట్టిని ఇంట్లో అమర్చుకోదలచినవారు మొదట తొట్టి పరిమాణాన్ని గురించి, తర్వాత దీపాన్ని గురించి, ఆపైన చేపల రంగులను గురించి ఆలోచిస్తారు. అడుగున ఏమి పరచాలన్న ప్రశ్న చివరికి మిగిలిపోతుంది. దుకాణంలో ఏది అందంగా కనిపిస్తే అది తెచ్చి పోస్తారు. మేమూ అలాగే చేశాము. ఆ పొరపాటు నేర్పిన పాఠాన్ని పాఠకులతో పంచుకోవడం ఉపయోగకరమని భావిస్తున్నాము.

మా అమ్మాయి కోరిక మేరకు రెండడుగుల తొట్టి ఒకటి కొన్నాము. అడుగున పరచడానికి తెల్లని పాలరాతి ముక్కలను మేమే ఎంపిక చేశాము. మా బోరు నీరు కఠినమైనది కనుక వంటింటి ఆర్‌ఓ నీటితో తొట్టిని నింపి, అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్ మొక్కలు నాటాము. రెండు నెలలు గడిచేసరికి కొత్త ఆకులు పాలిపోయాయి. రాళ్ళ సందుల్లో వేర్లకు పట్టు దొరకక మొక్కలు మాటిమాటికీ పైకి తేలాయి. "అబ్బాజాన్, నేనే సరిగా చూసుకోలేదేమో" అని పిల్ల కంటతడి పెట్టుకుంది. దీపం వేయడం మరిచావనీ, మేత ఎక్కువ వేశావనీ మేమూ మందలించాము. ఒకనాడు అనుమానం వచ్చి, ఒక రాతి ముక్కను గాజు గ్లాసులో వేసి వినెగర్ పోశాము. దాని చుట్టూ సన్నని బుడగలు లేచాయి. లోపం పిల్లలో లేదని, మేము పరచిన నేలలో ఉందని అప్పుడు అర్థమైంది.

పాలరాయి సున్నపు జాతికి చెందినది. మెత్తని నీటిలో అది కొద్దికొద్దిగా కరుగుతూ నీటి కాఠిన్యాన్ని, క్షారగుణాన్ని పెంచుతుంది. క్షారగుణం పెరిగిన నీటిలో ఇనుము మొక్కకు అందడం కష్టమవుతుంది. లేత ఆకులు పాలిపోవడం ఇనుము కొరతకు గుర్తు. మెత్తని నీటి కోసం మేము పడిన శ్రమను అడుగున ఉన్న రాయి చెరిపివేస్తూ వచ్చింది.

ముందు మొక్కను తెలుసుకోవాలి

అడుగు పొర వేర్లకు పట్టునిస్తుంది, ఆహారాన్ని నిలువ ఉంచుతుంది, వ్యర్థాలను మార్చే సూక్ష్మజీవులకు నివాసమవుతుంది. 1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్, చేపలు, నత్తలు, వాలిస్నేరియా మొక్క ఒకే పాత్రలో పరస్పరాధారంగా జీవించగలవని ప్రకటించినప్పుడు, ఆ పాత్ర అడుగున ఉన్నవి ఇసుక, బురద, రాళ్ళు.

అయితే అన్ని మొక్కలూ నేల మీద ఒకే విధంగా ఆధారపడవు. అనూబియస్, జావా ఫెర్న్, నాచు జాతులను కొయ్యకో రాతికో కట్టాలి. మొదటి రెండింటి లావుపాటి కాండాన్ని ఇసుకలో పూడ్చితే కుళ్ళిపోతుంది. ఇటువంటి మొక్కలే ఉన్న తొట్టికి సాధారణ ఇసుక చాలు. అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్ వంటివి మాత్రం వేర్ల ద్వారా సమృద్ధిగా ఆహారం తీసుకుంటాయి.

మూడు మార్గాలు

మొదటిది ఇసుక లేదా సన్నని గులకరాయి. 1 నుండి 3 మిల్లీమీటర్ల రేణువులు అనుకూలం. ఇందులో ఆహారం ఉండదు కనుక వేర్ల చెంత రూట్ ట్యాబ్లెట్లు కొన్ని నెలలకొకసారి గుచ్చాలి. ఏటి ఇసుకను నీరు తేటపడేవరకు కడగాలి. సముద్ర తీరపు ఇసుకలో ఉప్పు, గవ్వల ముక్కలు ఉంటాయి కనుక అది పనికిరాదు. రాతిని పిండి చేసి తయారుచేసే రోబో ఇసుక అంచులు పదునుగా ఉంటాయి. అడుగున మూతితో వెదకే కోరిడోరాస్ వంటి చేపల మీసాలకు అది గాయం చేయగలదు.

రెండవది తోట మట్టి. డయానా వాల్‌స్టాడ్ 1999లో వెలువరించిన గ్రంథం ద్వారా ఈ పద్ధతి ప్రసిద్ధి పొందింది. ఒక అంగుళం మట్టి, దానిపై ఒక అంగుళం సన్నని గులక. ఖర్చు స్వల్పం, ఫలితం మెండు. ఎరువు గానీ యూరియా గానీ తగలని ఎర్రమట్టిని జల్లించి వాడుకోవాలి. నల్లరేగడిలో బంక ఎక్కువ, సున్నపు గుళ్ళూ ఉండవచ్చు. మట్టి మందం పెరిగితే లోపల ప్రాణవాయువు అందక, కుళ్ళిన గుడ్డు వాసన గల విషవాయువు పుడుతుంది.

మూడవది ఆక్వా సాయిల్. జపాన్‌కు చెందిన తకాషి అమానో సంస్థ దీనికి విశేష ప్రాచుర్యం కల్పించింది. ఇవి కాల్చిన మట్టి గుళికలు. ఇవి పోషకాలను పట్టి ఉంచుతాయి, నీటిని కొంత మెత్తబరుస్తాయి. వీటిని కడగరాదు, నలిగి బురదవుతాయి. తొలి వారాల్లో వీటిలో చాలా రకాలు అమ్మోనియా విడుస్తాయి, అది చేపలకు ప్రాణాంతకం. కనుక ముందు మొక్కలు నాటి, పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చిన తర్వాతనే చేపలను వదలాలి. సాధారణంగా ఇందుకు 3 నుండి 6 వారాలు పడుతుంది. పిల్లల తొందరను పెద్దలు ఓపికతో ఆపవలసిన ఘట్టమిదే. గట్టి బోరు నీరు పోసే ఇళ్ళలో ఈ గుళికల మెత్తబరచే శక్తి త్వరగా తరిగిపోతుంది. ధర కూడా ఎక్కువే.

ఎంత కావాలి?

60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టిలో 5 సెంటీమీటర్ల పొరకు 9 లీటర్ల ఇసుక, అంటే సుమారు 14 కిలోలు పడుతుంది. ముందు వైపు పలుచగా, వెనుక మందంగా పరిస్తే పెద్ద మొక్కల వేర్లకు చోటు దొరుకుతుంది. కొన్న వస్తువు ఏదైనా, గుప్పెడు తీసి వినెగర్ పరీక్ష చేసిన తర్వాతనే తొట్టిలో పోయండి.

మేము పాలరాతిని తీసివేసి, కడిగిన ఏటి ఇసుక పరచి, ట్యాబ్లెట్లు గుచ్చి, అవే మొక్కలను తిరిగి నాటాము. వారంలోనే క్రిప్టోకొరైన్ ఆకులన్నీ కరిగిపోయాయి. చోటు మారినప్పుడు దాని స్వభావమే అంత. వేరును పీకివేయక ఓపిక పట్టాలి. నెల తిరిగేసరికి ఇసుకలోనుండి కొత్త చిగురు వచ్చింది. ఆ చిగురును మాకు చూపించడానికి అమ్మాయి పరుగున వచ్చింది. ముందు మందలించినందుకు పొరపాటు మాదేనని ఆనాడు ఆమెతో చెప్పాము. అంతకుముందే చెప్పవలసింది.